డిస్క్ జారి కాలు లాగతా ఉంటే వ్యాయామం ఎట్టా మొదలుపెట్టాలి

రొయ్యల గుంట గట్టు మీద 25 కిలోల మేత బస్తా ఎత్తి అట్టనే పక్కకి తిరిగా, అంతే, నడుంలో టప్పున ఏదో తెగినట్టయింది. నడుం పట్టేసిందిలే అనుకుని ఆ రాత్రికి నూనె రాయించుకుని పడుకున్నా. పొద్దున లేచేసరికి నడుంలో నొప్పి తక్కువే ఉంది గానీ ఎడం పిర్ర దగ్గర మొదలై తొడ వెనకగా పిక్కలోకి దిగి పాదం మీదగా బొటనవేలి దాకా కరెంటు పెట్టినట్టు జివ్వుమంటా ఉంది, దగ్గితే చాలు కళ్ళల్లో నీళ్ళు. నెల్లూరు పొగతోటలో స్కాన్ తీయిస్తే ఎల్4-ఎల్5 మధ్య, అంటే నడుం పూసల్లో నాలుగోదానికీ ఐదోదానికీ నడుమ మెత్తలాగా ఉండే డిస్క్ బయటికొచ్చి నరాన్ని నొక్కతా ఉందన్నారు.

ఇంక అక్కడి నుంచి సలహాలు మొదలు. నెల రోజులు మంచం దిగొద్దని ఒకరు, బెల్ట్ కట్టుకుని తిరగమని ఒకరు, ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళ చేత నడుం మీద తన్నించుకోమని మా పెద్దమ్మ, కావలి దగ్గర ఒకాయన తొక్కితే రెండు రోజుల్లో లేచి నడిచామని చెప్పినోళ్ళు ఇద్దరు. నేను పన్నెండు రోజులు మంచం మీదే ఉండిపోయా. నొప్పి తగ్గలేదు, పైగా ఎడం పిక్క కుడిదానికంటే సన్నబడింది, లేచి నిలబడితే కాళ్ళు వణికేయి. డిస్క్ నొప్పికి ఒకటి రెండు రోజులకి మించి మంచం పట్టి పడుకుంటే లాభం లేదని, కాస్త కాస్త తిరిగేవాళ్ళే ముందుగా కోలుకుంటారని ఫిజియోథెరపీ మేడం చెప్పిందాకా నాకు తెలియదు. అందుకే రాస్తా ఉండా, మన గుంటల కాడ, పొగాకు బ్యారన్ల కాడ, చీమకుర్తి క్వారీల్లో ఈ నొప్పితో ఎంతమంది మంచాన పడి ఉండారో నాకు తెలుసు.

ముందు ఒక మాట. ఇది చదివి వ్యాయామం మొదలుపెట్టే ముందు ఈ నాలుగూ చూసుకోండి. ఒంటేలు రాకుండా బిగదీసుకుపోయినా, తెలియకుండా పడిపోతా ఉన్నా, విరేచనం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట, అంటే మలద్వారం చుట్టూ, తొడల లోపలి పక్క మొద్దుబారినా, ఆ రోజే, ఆ గంటే పెద్దాసుపత్రికి పోవాల, వెన్నుపూస చివర నరాల గుత్తి నలిగిపోతా ఉందని దానర్థం, ఆలస్యం చేస్తే ఆ పట్టు మళ్ళా రాకపోవచ్చు. రెండోది, పాదం వేలాడిపోయి చెప్పు జారిపోతా ఉన్నా, కాల్లో బలం రోజురోజుకీ తగ్గతా ఉన్నా ఆగొద్దు. మూడోది, నొప్పితో పాటు జొరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడన్నా క్యాన్సర్ వచ్చి ఉండటం. నాలుగోది, పడటమో బండి యాక్సిడెంటో అయ్యాక మొదలైన నొప్పి. ఇవి ఉంటే వ్యాయామం మాట తర్వాత, ముందు డాక్టర్.

ఇవేవీ లేవంటే ఇక అసలు విషయం. మేడం దగ్గరికి పోయిన మొదటి రోజు బొమ్మలేసిన కాయితమేదో ఇస్తుందనుకున్నా. ఆమె నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి "ఇప్పుడు నొప్పి యాడుందన్నా?" అనింది. పిక్కలో ఉందమ్మా అన్నా. రెండు నిమిషాలాగి మళ్ళా అదే ప్రశ్న. మోచేతుల మీద లేపి మళ్ళా అదే ప్రశ్న. ఐదారు సార్లయ్యాక "పిక్కలో తగ్గింది, మోకాలి వెనక ఉంది, నడుంలో మాత్రం ఎక్కువైంది మేడం" అని భయపడతా చెప్పా. ఆమె మొహం విప్పారింది. "అదన్నా కావాల్సింది, నొప్పి పైకి ఎక్కతా ఉంది" అనింది.

మొత్తం ఇదంతా ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది. ఏ వ్యాయామం చేసినా పాదంలో నొప్పి పిక్కకి, పిక్కలోది తొడకి, తొడలోది పిర్రకి, పిర్రలోది నడుం మధ్యకి వస్తా ఉంటే అది మీకు సరిపడే వ్యాయామం, నడుంలో కాస్త ఎక్కువైనా భయం లేదు. నడుంలో హాయిగా ఉండి నొప్పి కిందికి, పాదం వైపు దిగతా ఉంటే మాత్రం అది ఎవరు చెప్పిందైనా సరే ఆపేయాల. దీన్ని కనిపెట్టింది న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్ట్ రాబిన్ మెకెంజీ, 1956లో. కాలునొప్పితో వచ్చిన ఒకాయన తల వైపు ఎత్తుగా లేపి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడంట, నడుం వెనక్కి వంగి అట్టనే కాసేపు ఉండేసరికి ఎన్నాళ్ళ నుంచో ఉన్న కాలునొప్పి పోయిందంట. అక్కడి నుంచి ఆయన నొప్పి యాడికి కదలతా ఉందో చూసి వైద్యం చేసే పద్ధతి తయారుచేశాడు.

ఎందుకు అట్టా పనిచేస్తుందంటే, డిస్క్ ని పూర్ణం బూరెలాగా అనుకోండి. పైన గట్టి తోపు, లోపల మెత్తటి జెల్లీ. బూరెని ముందు పక్క నొక్కితే పూర్ణం వెనక్కి నెట్టుకొస్తుంది కదా, మనం ముందుకు వంగిన ప్రతిసారీ లోపల అదే జరుగుతుంది, తోపు పగిలిన చోట పూర్ణం బయటికొచ్చి పక్కనే ఉన్న నరానికి తగులుతుంది. జారింది అంటాం గానీ డిస్క్ మొత్తం యాడికీ జారదు. మన నడుంలో ఐదు పూసలు, కిందున్న రెండు డిస్కులు, ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 (ఎస్1 అంటే ఐదో నడుం పూస కిందుండే ముడ్డిపూస పైభాగం), ఇవే ఎక్కువగా దెబ్బతినేవి. బయటికొచ్చిన ఆ ముక్కని మన ఒళ్ళే మెల్లమెల్లగా కరిగించుకుంటుంది, చిత్రమేంటంటే పెద్దగా బయటికొచ్చినవే ఎక్కువగా కరుగుతాయి. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో కాలునొప్పి బాగా తగ్గిపోతుంది. స్కాన్ రిపోర్ట్ చూసి బెంబేలు పడొద్దు, 1994లో అమెరికాలో నడుంనొప్పి అసలు లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే సగం పైన, 52 శాతం మందికి, ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బి కనపడింది. వాళ్ళంతా మామూలుగా పనులు చేసుకుంటా ఉన్నవాళ్ళే.

నొప్పి మంటగా ఉన్న మొదటి నాలుగైదు రోజులు బలం పెంచే వ్యాయామాల జోలికి పోవద్దు. వెల్లకిలా నేల మీద పడుకుని పిక్కల్ని కుర్చీ మీద పెట్టుకోండి, తొడలు నిటారుగా, మోకాళ్ళు మడిచి, పది నిమిషాలు. పక్కకి తిరిగి పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య దిండు. గంటకోసారి లేచి ఇంట్లోనే ఐదు నిమిషాలు నడవండి. ఒకేసారి అరగంట నడవడం కంటే ఐదు నిమిషాలు ఆరేడు సార్లు నడవడం మేలు, నడకలో గూడా నొప్పి కిందికి దిగతా ఉంటే ఆడ ఆపి తిరిగి రావాల. మాత్రలు డాక్టర్ రాసినట్టు వాడండి, నొప్పి కాస్త అదుపులో ఉంటేనే కదలగలం.

ఇప్పుడు బోర్లా చేసేవి. ఇవి నిదానంగా చెప్తా, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఈడే. పరుపు మీద వద్దు, నేల మీద చాపో దుప్పటో వేసుకోండి. బోర్లా పడుకుని చేతులు పక్కన పెట్టి తల ఒక పక్కకి తిప్పి ఒళ్ళంతా వదిలేయండి, పిర్రలు బిగపెట్టొద్దు, మూడు నిమిషాలు గాలి పీల్చి వదలతా ఉండండి. బోర్లా పడుకోవడమే కష్టంగా ఉంటే పొట్ట కింద దిండు పెట్టుకుని, రెండు మూడు రోజుల్లో దిండు తీసేయండి. నేను దిండుతోనే నాలుగు రోజులున్నా. అది హాయిగా ఉందనుకున్నాక మోచేతులు భుజాల కింద పెట్టి ఛాతీ లేపండి, పుస్తకం చదువుతున్న పిల్లోళ్ళ మాదిరి, రెండు మూడు నిమిషాలు. పొట్ట కింది భాగం నేలకి ఆని ఉండాల. నొప్పి పిక్క దాటి పైకి వస్తా ఉందా? వస్తా ఉంటే రెండు రోజులు ఇదే, రెండు మూడు గంటలకోసారి.

తర్వాత మెట్టు, అరచేతులు భుజాల పక్కన ఆనించి చేతుల బలంతోనే పైభాగం లేపాల, నడుం కండరాలు వాడకూడదు, నడుం కిందికి వేలాడిపోవాల, తుంటి ఎముక నేలనొదిలి పైకి లేవకూడదు. పైకి పోయి ఒక్క సెకను ఆగి గాలి వదిలి కిందికి. పదిసార్లు. చేతులు పూర్తిగా చాపడం మొదటి రోజే రాదు, నాకు వారం పట్టింది. ఇది చూడటానికి భుజంగాసనం మాదిరే ఉంటుంది గానీ యోగాలో వీపు కండరాలతో లేస్తారు, ఇందులో వీపు చచ్చినట్టు వదిలేయాల, తేడా అదే. రోజుకి ఐదారు సార్లు చేయాల, పొద్దున ఒకసారి ముప్పై చేసి వదిలేస్తే లాభం లేదు. గుంట కాడ, అంగడిలో, పొలంలో నేల మీద పడుకోడానికి కుదరకపోతే నిలబడి నడుం మీద రెండు చేతులు పెట్టుకుని మోకాళ్ళు మడవకుండా వెనక్కి వంగండి, పదిసార్లు. నేను గుంట నీళ్ళలోకి గాలి పట్టించే ఏరియేటర్ ఆన్ చేయడానికి పోయిన ప్రతిసారీ షెడ్డు గోడ పక్కన నిలబడి ఇది చేసేవాణ్ణి, మరిచిపోకుండా ఉండటానికి ఒక పనికి ముడిపెట్టుకోవడం మంచిది.

అందరికీ వెనక్కి వంగడం పడదు, అది గూడా గట్టిగా చెప్పాల. అరవై దాటినోళ్ళకి నడుస్తా ఉంటే కాళ్ళు బరువెక్కి లాగి, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా ఉంటుందంటే అది డిస్క్ కంటే నరాల దారి ఇరుకైన సమస్య అయుండొచ్చు, వాళ్ళకి వెనక్కి వంగితే ఇంకా ఎక్కువవుతుంది. అద్దంలో చూసుకుంటే నడుం ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నోళ్ళు ముందు ఆ ఒరుగు సరిచేయించుకోవాల, అది ఫిజియో చేతిలో పని, సొంతంగా వద్దు. పది పదిహేను సార్లు చేశాక నొప్పి పాదంలో పెరిగి, ఆపాక గూడా అట్టనే ఉండిపోతే ఈ వ్యాయామం మీది కాదని అర్థం, ఆపి చూపించుకోండి.

కాలు లాగతా ఉంది కదా అని కాలు చాపి బొటనవేలు పట్టుకునే సాగదీతలు చేస్తారు చూడండి, దయచేసి చేయొద్దు. ఆ లాగేది కండ కాదు, నొక్కుకుని వాచిన నరం, దాన్ని సాగదీస్తే ఇంకా మండుతుంది. నరాన్ని జరపాలంటే వేరే పద్ధతుంది, మంట తగ్గాక, అంటే రెండు మూడు వారాలకి. కుర్చీ అంచున నిటారుగా కూర్చుని నొప్పి ఉన్న కాలు ముందుకు చాపతా తల పైకెత్తండి, కాలు మడుస్తా గడ్డం కిందికి దించండి. ఒక పక్క వదిలి ఒక పక్క లాగినట్టు నరం లోపల జారతా ఉంటుంది. ఎక్కడా పట్టి ఆపొద్దు, జివ్వుమనే ముందే వెనక్కి రావాల. పదిసార్లు, రోజుకి రెండు పూటలు.

నొప్పి మోకాలి పైకి వచ్చేశాక బలం పని మొదలు. నడుం కదలకుండా పట్టి ఉంచే బలం కావాల, అందుకే ఇందులో నడుం వంగే వ్యాయామం ఒక్కటీ లేదు. కెనడాలో స్టువార్ట్ మెగిల్ అనే వెన్నెముక ప్రొఫెసర్ ఏరి పెట్టిన మూడు ఇవి. మొదటిది, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి ఒకటి చాపి, నడుం కింద ఉండే సందులో రెండు అరచేతులు పెట్టుకుని తలా భుజాలూ రెండంగుళాలు మాత్రమే లేపడం, మెడ మడవకూడదు. రెండోది పక్కకి పడుకుని మోచేయి మీద, మడిచిన మోకాళ్ళ మీద తుంటిని పైకి లేపి పట్టి ఉంచడం, రెండు పక్కలా. మూడోది పిల్లల్ని వీపునెక్కించుకుని గుర్రం ఆట ఆడినట్టు నాలుగు కాళ్ళ మీద ఉండి, కుడి చేయి ఎడం కాలు నేలకి సమంగా చాపడం, తర్వాత ఎడం చేయి కుడి కాలు. మేడం నా నడుం మీద సగం నీళ్ళున్న స్టీలు గ్లాసు పెట్టింది. మొదటి రోజు చొక్కా తడిసింది, కాలు పైకి ఎక్కువ లేపతా ఉంటే నడుం తిరిగిపోతా ఉంది, నాకేమో తిరిగినట్టే తెలియడం లేదు. మూడు వారాలకి గ్లాసు కదల్లేదు. ఇంట్లో ఇదే చేయండి, అద్దం కంటే గ్లాసు నిజం చెప్తుంది.

ఏదైనా ఎనిమిది పది సెకన్లకి మించి పట్టి ఉంచొద్దు. ముందు 6 సార్లు, కొంచెం ఆగి 4, ఆగి 2, అట్టా దిగతా రావాల. ఓర్పు పెంచాలంటే సెకన్లు పెంచకుండా సార్లు పెంచాల. దీంతోపాటు వెల్లకిలా మోకాళ్ళు మడిచి పిర్రలు బిగించి తుంటి లేపే వ్యాయామం గూడా పదిసార్లు, పిర్రల్లో బలం లేనోళ్ళే ప్రతి బరువూ నడుంతో ఎత్తుతారు. లేచి కూర్చునే సిటప్స్, రెండు కాళ్ళూ ఒకేసారి లేపడం, మోకాళ్ళు ఛాతీకి హత్తుకోవడం, పశ్చిమోత్తానాసనం, ఇవి ఇప్పుడే వద్దు.

వ్యాయామం అంతా కలిపి రోజుకి గంట, మిగతా ఇరవై మూడు గంటలు మనం ఎట్టా కూర్చుని ఎట్టా వంగతా ఉన్నామో అదే ఎక్కువ పని చేస్తుంది. 1960ల్లో స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్ నాకెమ్సన్ బతికున్న మనుషుల డిస్కులోకే సూది పంపి ఒత్తిడి కొలిచాడు, నిలబడినప్పటి కంటే కూర్చుంటే ఎక్కువ, ముందుకు ఒంగి కూర్చుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి నేల మీద కూర్చుని అన్నం తినడం కొన్నాళ్ళు ఆపండి, పొట్ట దగ్గరికి బల్ల లాక్కుని కుర్చీలో తినండి. నడుం వంపులో చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. ఇరవై ముప్పై నిమిషాలకి మించి కూర్చోవద్దు. నేల మీద లెట్రినుంటే దాని మీద పెట్టుకునే కుర్చీ దొరుకుతుంది, కొనండి, ముక్కడం గూడా డిస్క్ మీద ఒత్తిడే కాబట్టి నీళ్ళు, ఆకుకూరలు బాగా తీసుకోండి. పొద్దున లేచిన మొదటి గంట అసలు వంగొద్దు, రాత్రంతా డిస్క్ నీళ్ళు పీల్చుకుని బిగుసుకుని ఉంటుంది, మనం పొద్దున పూట ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగు ఉండేది అందుకే. మొహం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గోడకో సింక్ అంచుకో ఆనించి మోకాళ్ళు కొంచెం మడవండి. ముగ్గేసేవాళ్ళు, వాకిలి ఊడ్చేవాళ్ళు ఆ పని కొన్నాళ్ళు ఇంకొకరికి అప్పజెప్పండి అక్కా, లేకపోతే పొడుగు కర్ర చీపురు తెచ్చుకోండి.

వంగడం మళ్ళా నేర్చుకోవాల. బూజు కర్ర తీసుకుని వీపు మీద నిలువుగా పెట్టుకోండి, తల వెనక, భుజాల మధ్య, పిర్రల పైన ముడ్డిపూస దగ్గర, మూడు చోట్లా తగలాల. ఇప్పుడు మోకాళ్ళు కొద్దిగా మడిచి పిర్రలు వెనక్కి నెడతా ముందుకు వంగండి, కర్ర మూడు చోట్లా తగలతానే ఉండాల. వెనక కారు డోరు ముడ్డితో మూస్తున్నట్టు, అంతే. ఇది వచ్చాక 5 లీటర్ల నీళ్ళ క్యాన్, వారం తర్వాత 10 లీటర్ల బకెట్, అది అలవాటయ్యాక 20 లీటర్ల క్యాన్. ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఎత్తేముందు ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు పొట్ట బిగించి ఎత్తండి, పక్కకి తిరగాలంటే పాదాలు తిప్పండి. నేను మేత బస్తా మళ్ళా ఎత్తింది పన్నెండో వారంలో, అదీ నేల మీద నుంచి కాదు, మోకాలి ఎత్తు అరుగు మీద పెట్టించి. ఇప్పటికీ బస్తాలు అరుగు మీదే దింపిస్తా.

తగ్గతా ఉందో లేదో వారానికోసారి ఇట్టా చూసుకోండి. మడమల మీద పది అడుగులు, మునివేళ్ళ మీద పది అడుగులు. మడమల మీద నడిచేటప్పుడు ఒక పాదం కిందికి పడిపోతా ఉంటే ఎల్5 నరం, మునివేళ్ళ మీద లేవలేకపోతే ఎస్1 నరం బలహీనంగా ఉందని. బలం తగ్గితే చూపించుకోవాల, నిలకడగా ఉన్నా పెరగతా ఉన్నా సాగించొచ్చు. తిమ్మిరి మాత్రం అన్నిటికంటే చివర పోతుంది, నాకు ఆరో వారానికి కాలునొప్పి పోయినా బొటనవేలు మొద్దుబారడం ఐదు నెలలుంది, దానికి భయపడొద్దు.

ఆపరేషన్ గురించి అడుగుతారు. 2007లో నెదర్లాండ్స్ వాళ్ళు కాలునొప్పి ఉన్న 283 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి తొందరగా ఆపరేషన్, సగం మందికి ముందు ఆగి చూడటం అని పెట్టారు. ఆపరేషన్ వాళ్ళకి నొప్పి ముందే తగ్గింది, ఏడాది తిరిగేసరికి రెండు వైపులా నూటికి 95 మంది కోలుకున్నామన్నారు. అయితే ఆగినవాళ్ళలో 39 శాతం మంది తట్టుకోలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. నా ఉద్దేశం ఏంటంటే బలం తగ్గకుండా ఉంటే ఆరు వారాలు నిజాయితీగా ప్రయత్నించండి, అప్పటికీ నిద్ర లేకుండా కాలు లాగతా ఉంటే ఆపరేషన్ చేయించుకోవడం ఓటమేం కాదు.

మళ్ళా వస్తుందా అంటే, వస్తుంది. పోయిన కార్తీకంలో ఒంగోలు నుంచి నెల్లూరు బస్సులో వెనక సీటు దొరికింది, కావలి వచ్చేసరికి నడుంలో ఉన్న బిగుతు పిర్రలోకి దిగి తొడ వైపు పాకతా ఉంది. కావలి బస్టాండులో దిగేశా. స్తంభం పక్కన నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని పదిసార్లు వెనక్కి వంగా, నాలుగు అడుగులు నడిచా, మళ్ళా పది. మూడోసారికి తొడలోది పోయి పిర్రలోకి వచ్చింది, నాలుగోసారికి నడుం మధ్యలో నిలబడింది. తర్వాత బస్సులో డ్రైవర్ వెనక సీటు అడిగి కూర్చున్నా, ఇంటికి పోయి రెండు రోజులు బరువుల జోలికి పోకుండా మోచేతుల మెట్టు దగ్గర నుంచి మళ్ళా మొదలుపెట్టా.